ఎడమ పక్క కొలత

దీపాలి కంటికి భివండి శాంతి నగర్‌లో పేరుంది. మగ్గం మీంచి దిగిన తాకాను, అంటే వంద మీటర్ల బట్ట చుట్టను, బల్ల మీద కాస్త విప్పి పరిస్తే చాలు, టేపు ముట్టకుండా వెడల్పు చెప్పేది. నలభై ఏడున్నర అంగుళాలు అందంటే నలభై ఏడున్నరే. పడుగు పోగు తెగిన చోటు, పేక పలచబడ్డ చోటు, చీమంత నూనె మరక, ఏదీ ఆమెను దాటి పోయేది కాదు. వాళ్ల కార్ఖానాలో పన్నెండు మరమగ్గాలు. వాటి మీద నేసిన ప్రతి తాకా ఇరవై ఏళ్లుగా ఆమె చూశాకే వ్యాపారి గోదాముకు పోయేది. అంత కన్ను పెట్టుకుని సొంత ఒంట్లో గడ్డను మాత్రం నిమ్మకాయంత అయ్యేదాకా కనిపెట్టలేదు. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా ఆమెకు తన మీద తనకే ఒళ్లు మండేది.

మూడేళ్ల కిందట ఎడమ రొమ్ము తీసేశారు. నాలుగైదు నెలలు ముందొచ్చి ఉంటే గడ్డ వరకే తీసేవాళ్లం అన్నారు ఆసుపత్రిలో. అప్పుడు చెప్పి ఏం లాభం? ఆపరేషనుకు ముందు సూదులు, తర్వాత కరెంటు పెట్టడం, అంటే రేడియేషన్. జుట్టు ఊడింది, మళ్లీ వచ్చింది. అన్నం సహించలేదు, మళ్లీ సహించింది. చెయ్యి పైకి లేవలేదు, మెల్లగా లేచింది. పోయినవన్నీ ఒక్కొక్కటే తిరిగొచ్చాయి గానీ మొగుడు పంకజ్ తిరిగి రాలేదు.

ఊరు విడిచి పోయాడని కాదు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ లైన్లలో నిలబడ్డాడు, రక్తానికి పరిగెత్తాడు, వాంతుల గిన్నె కూడా కడిగాడు. ఎవరూ వంక పెట్టలేరు. ఆమె ఇంటికొచ్చిన వారానికి మాత్రం, రెండు గల్లీల అవతలున్న కార్ఖానా మాళా మీద, అంటే మగ్గాల పైనున్న అటక మీద, పడుకోవడం మొదలుపెట్టాడు. రాత్రి పాళీ వాళ్లు నిద్రపోతున్నారు, పైనుంచి కనిపెట్టుకుని ఉండాలి అన్నాడు. వారం రోజులే అన్నాడు. మూడేళ్లయింది. స్నానానికీ రెండు పూటలా తిండికీ ఇంటికొస్తాడు, మంచిగానే మాట్లాడతాడు, మాట్లాడినంతసేపూ గోడ మీది క్యాలెండరు వైపు చూస్తాడు.

అడగొచ్చు కదా అంటారేమో. ఏ నోటితో అడుగుతుంది? నా ఎడమ పక్క చూడలేకనే పోయినవా అనా? కూతురు శ్రద్ధ ఊరి బయట పూర్ణ అనే చోట గోదాము ఉద్యోగానికి పొద్దునే పోతుంది, అత్త ఇంట్లోనే ఉంటుంది, ఒక గదీ వంటిల్లూ ఉన్న ఇంట్లో ఆ మాట అడగడానికి గోడలు కూడా చాలవు. దీపాలి అడగలేదు. కేసు తానే పెట్టుకుని తీర్పు తానే చెప్పుకుంది. ఇక సాక్ష్యాలెందుకు?

"కొత్తది పెడతరట," అని కబురు తెచ్చింది అత్త యమునాబాయి. ఆరు నెలలకోసారి చూపించుకోవడానికి ముంబై పోయినప్పుడు, కోడలు లోపల ఉండగా బయట బెంచీ మీద కూర్చుని పక్కనున్న ఆడమనిషి నుంచి సంగతులన్నీ లాగింది. యమునాబాయికి అరవై ఎనిమిదేళ్లు. కరీంనగర్ పక్క నుంచి పెళ్లయి భివండి వచ్చి, యాభై ఏళ్లు మగ్గాల చప్పుడులో అరిచి అరిచి, రహస్యాలు కూడా నలుగురికీ వినపడేట్టే చెబుతుంది.

"తోలు కింద నీళ్ల సంచి పెడతరట దీపాలీ. వారం వారం జర జర నింపుతరట. తోలు సాగినంక గది తీసి అసలుది పెడతరట. గామెకు పెట్టిండ్రు. జాకెట్టు ఏసుకుంటె ఏది సొంతమో ఏది పెట్టిందో ఎవ్వలకు తెల్వది."

"మెల్లగ మాట్లాడు అత్తమ్మా," అంది దీపాలి. లోకల్ రైల్లో ఎదుటి సీటు వాళ్లు మొహం తిప్పుకున్నారు. వాళ్లకు తెలుగు రాకపోయినా యమునాబాయి చేతులతో చూపిస్తున్నది అర్థం కావడానికి భాష అక్కర్లేదు. దీపాలి సిగ్గుతో తల వంచుకుంది గానీ, ఠాణాలో దిగేలోపు నిర్ణయం అయిపోయింది. ఎడమ పక్క నిండితే పంకజ్ మాళా దిగి వస్తాడు. ఆమె లెక్క అంతే.

ఆ పని చేసే డాక్టరు పేరు కోమల్. నలభై దాటని మనిషి. మరాఠీలో చిన్నగా, ఒక్కో మాటా తూచినట్టు మాట్లాడుతుంది. దీపాలి భివండిలోనే పుట్టి మరాఠీ బడిలో చదువుకున్నది కాబట్టి ఇబ్బంది లేదు. డాక్టరు ముందు టేపుతో కొలిచింది. తర్వాత రెండు ఇనుప కాళ్ల కొలతసాధనం తీసి ఛాతీ నడిమి నుంచి చంక దాకా వెడల్పు చూసింది. చివరికి మచ్చ పక్కన చర్మాన్ని రెండు వేళ్ల మధ్య పట్టి లేపి, దాని మందం కూడా కొలిచి రాసుకుంది. ఆ పద్ధతి దీపాలికి నచ్చింది. బట్ట నాణ్యం చూసేవాళ్లూ అట్లాగే రెండు వేళ్లతో పట్టి చూస్తారు.

డాక్టరు బల్ల మీద మూడు నమూనాలు పెట్టింది. మెత్తగా, చల్లగా, జెల్లీ నింపిన గుండ్రటి సంచులు. ఒకటి రెండు వందల యాభై మిల్లీలీటర్లు, ఒకటి మూడు వందల పాతిక, ఒకటి నాలుగు వందలు. యమునాబాయి చెయ్యి తిన్నగా మూడోదాని మీదికే పోయింది.

"నీ కుడి పక్క దాదాపు నాలుగు వందలుంటుంది," అంది డాక్టరు. "కానీ కుడి పక్కను చూసి కొలత తీసుకోకూడదు. ఎడమ పక్క ఎంత మోస్తుందో అంతే తీసుకోవాలి. నీ ఛాతీ వెడల్పు తక్కువ. పైగా కరెంటు పెట్టిన చర్మం. రెండు వందల యాభై సరైన కొలత."

"మరి రెండు పక్కలు సమానం కావు కదా?"

"కుడి పక్కను కొంచెం తగ్గించి సమానం చేస్తాను. లేదంటే వీపు నుంచి కండ తెచ్చి ఎడమ పక్క కప్పుతాను. అప్పుడు ఇంకాస్త పెద్దది పడుతుంది, కానీ బరువులెత్తే బలం కొంత తగ్గుతుంది."

వీపు సంగతి దీపాలి వినగానే వద్దంది. రోజుకు పదేసి తాకాలు ఎత్తి దింపే మనిషి వీపు ఇస్తే ఇంకేం మిగులుతుంది? కుడి పక్క సంగతికి కోడలి కంటే ముందు అత్తే జవాబు చెప్పింది.

"మంచిగున్నదాన్ని ఎందుకు కోస్తవమ్మా?"

దీపాలి మనసులో మాటా అదే. ఒక పక్క కత్తి పడ్డ ఒంటికి రెండో పక్క కూడా కత్తి అనేసరికి కొంగు లాగి కుడి పక్క కప్పుకుంది. డాక్టరు ఇద్దరి మొహాలూ చూసి, తొందర పెట్టలేదు. చిన్న సంచుల్లో బియ్యం పోసి లోపల పెట్టుకుని నాలుగు రోజులు ఇంటి పని చేసి చూడమంది. ఏది బరువో ఏది కాదో ఒళ్లే చెబుతుంది అంది.

యమునాబాయి మరునాడే కోరా బట్ట ముక్కలతో మూడు సంచులు కుట్టింది. పాలు కొలిచే గిన్నెతో బియ్యం కొలిచి పోసింది. మనవరాలు డ్యూటీకి పోయాక తలుపు గడియ పెట్టి, కోడల్ని అద్దం ముందు నిలబెట్టింది. చిన్న సంచి పెట్టుకుంటే ఎడమ పక్క కుడి పక్కకు చెల్లెలి లెక్కున్నది అంది. నడిమిది కొంగు కప్పుకుంటే గడిచిపోతది అంది. మూడోది పెట్టుకుని దీపాలి అద్దంలోకి చూసుకున్నప్పుడు అత్త కోడలి పైట సర్ది పక్కకు జరిగింది. అద్దంలో మూడేళ్ల కిందటి దీపాలి నిలబడి ఉంది.

ఆ సంచితోనే నాలుగు రోజులు తిరిగింది. భుజం లాగింది, మెడ పట్టేసింది, జాకెట్టు అంచు మచ్చ మీద కోసుకుంది. ఒళ్లు చెబుతూనే ఉంది, ఆమె వినదలచుకోలేదు. మూడో రోజు మధ్యాహ్నం పంకజ్ తిండికొచ్చాడు. దీపాలి వంగి చారు పోస్తుంటే అతని చూపు క్యాలెండరు మీంచి జారి ఆమె ఎడమ పక్క మీద పడింది. పడి, అక్కడే ఆగింది. చేతిలో ముద్ద ఆగిపోయింది. తర్వాత గబగబా చెయ్యి కడుక్కుని, సగం అన్నం వదిలేసి, మగ్గం ఆగిందని ఏదో గొణిగి పోయాడు.

చూశాడు, అనుకుంది దీపాలి. మూడేళ్లలో మొదటిసారి చూశాడు. ఆ వదిలేసిన అన్నం చూసి ఆమెకు దుఃఖం రాలేదు, పెళ్లైన కొత్తలో లాగా గుండె కొట్టుకుంది. ఎనిమిది గంటలు తాకాలు చూసే కన్ను మొగుడి మొహం చూడటంలో ఎంత గుడ్డిదో ఆమెకేం తెలుసు. కొలత ఆ పూటే ఖాయమైపోయింది. నాలుగు వందలు.

దాని మీద ఇంకో లెక్క కూడా వేసుకుంది. మగ్గం మీద యాభై అంగుళాలు పెట్టి నేస్తే గానీ దిగాక నలభై ఎనిమిది రాదు. దిగిన బట్ట ముడుచుకుంటుంది, నీళ్లలో పడితే ఇంకా ముడుచుకుంటుంది. అందుకే భివండిలో ఎవరూ కావలసినంత వెడల్పుకే నెయ్యరు, ఎక్కువ పెట్టి నేస్తారు. పుట్టిన కాడ నుంచి చూస్తున్న సంగతి అది, అనుమానమే లేదు. చర్మమూ అంతే కదా. ఎంత కావాలో దానికి మించి సాగదీసి పెట్టుకుంటే, ముడుచుకున్నాక సరిపోతుంది. డాక్టరు దగ్గర మాత్రం ప్రస్తుతానికి రెండు వందల యాభైకి తలూపింది. లోపల నింపేది నీళ్లే, అప్పుడు అడగొచ్చులే అనుకుంది.

ఆపరేషన్ సంగతి పంకజ్‌కు చెప్పినప్పుడు అతను అన్న మాట ఒకటే.

"ఇప్పుడు గదంత అవసరమా?"

"అవసరమే," అంది. ఎవరికో చెప్పలేదు. అతను కాగితాల మీద సంతకం పెట్టాడు.

వానలు మొదలయ్యాక సంచి పెట్టారు. తర్వాత ప్రతి బుధవారం అత్తాకోడళ్లు తడుస్తూ ఠాణా పోయి, రైలెక్కి, ఆసుపత్రి చేరేవాళ్లు. చర్మం కింద బొత్తాంలాంటి దానిలోకి సూది గుచ్చి నలభై నలభై మిల్లీలీటర్లు నింపేవాళ్లు. నింపాక రెండు రోజులు రెండు సైజులు చిన్న జాకెట్టు ఒంటి లోపల వేసి కుట్టినట్టుండేది. ఊపిరి పూర్తిగా పీల్చలేక, గోడకు జారగిలబడి కూర్చునే నిద్రపోయేది. నొప్పి ఉందంటే పని జరుగుతున్నట్టే అనుకుని ఓర్చుకునేది. ఎడమ పక్క మెల్లగా లేచింది. గుండ్రంగా, గట్టిగా, స్పర్శ లేకుండా లేచింది. వేలు పెట్టి నొక్కితే వేలికి తెలిసేది గానీ రొమ్ముకు తెలిసేది కాదు.

ఆగస్టు చివరికి రెండు వందల యాభై అయింది. డాక్టర్ కోమల్ చర్మాన్ని పట్టి చూసి, "ఇక చాలు. రెండు నెలలు ఆగి అసలుది పెడతాను," అంది.

"ఇంకో వంద నింపండి డాక్టర్. దించాక ముడుచుకుంటుంది కదా." దీపాలి మగ్గం సంగతి, యాభై అంగుళాల సంగతి అంతా చెప్పింది. డాక్టరు నవ్వలేదు. మొత్తం విన్నది.

"ముడుచుకున్న బట్టలో పోగులు అన్నే ఉంటాయి," అంది. "చర్మం అట్లా కాదు. పలచబడుతూ పోతుంది. ఒకచోట రక్తం అందకపోతే ఆ చోటు చచ్చిపోతుంది. నీ చర్మానికి సాగే గుణం కరెంటుతోనే పోయింది."

దీపాలి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎందుకు కావాలో చెప్పలేదు. ఆ కన్నీళ్లకు డాక్టరు మనసు కొంచెం మెత్తబడింది. ఇంకో యాభై, అదీ రెండు సార్లుగా, అంది. ఎర్రబడినా, నల్లబడినా, మెరిసినా అదే రోజు రావాలంది. నూనె రాయొద్దు, రుద్దొద్దు, అసలు చెయ్యే పెట్టొద్దంది. దీపాలి అన్నింటికీ తలూపింది. తలూపడంలో ఆమెను మించినవాళ్లు లేరు.

రెండోసారి నింపిన నాలుగో రోజు స్నానం చేసి అద్దం ముందు నిలబడితే, మచ్చకు బయటి కొసన రూపాయి బిళ్లంత చోటు మెరుస్తూ కనపడింది. ఊదా రంగు. ఆ కంటికి అదేమిటో ఒకరు చెప్పాలా? వెలుతురుకు పట్టిన బట్టలో పేక పలచబడ్డ చోటు ఎట్లా ఉంటుందో అట్లాగే ఉంది. డాక్టరుకు చెబితే నీళ్లు తీసేస్తుంది. మూడు వందలు రెండు వందలవుతుంది, ఇన్ని బుధవారాలు పోతాయి. చెప్పలేదు.

చెప్పకపోతే పోనీ, ఊరుకున్నా బాగుండేది. ఊరుకోలేదు. బట్టలో పలచటి చోటు దొరికితే చూసేవాళ్లు దాన్ని కత్తిరించి పారెయ్యరు. గోటి వీపుతో రెండు పక్కల నుంచీ మెల్లగా రుద్దుతారు. పోగులు జరిగి దగ్గరకొస్తాయి, సందు మూసుకుంటుంది, వ్యాపారి కంటికి ఆనదు. ఇరవై ఏళ్లలో దీపాలి అట్లా ఎన్ని వేల చోట్లను మూసిందో. ఇప్పుడూ అదే చేసింది. తలుపు వేసుకుని, వేలికి కొబ్బరినూనె అద్దుకుని, చుట్టూ నుంచి నడిమికి, పొద్దునొకసారి సాయంత్రమొకసారి రుద్దింది. నొప్పి పుడితే ఆపేదేమో. అక్కడ నొప్పి పుట్టదు. నూనె రాసిన కాసేపు ఎరుపు తగ్గినట్టు కనిపించేది, ఆ కాసేపటినే ఆమె నమ్మేది.

బుధవారం వచ్చింది. అత్తకు జ్వరమని ఆసుపత్రికి ఫోన్ చేసింది, డాక్టరు సెలవని అత్తకు చెప్పింది. 

"గిదేం సెలవు? డాక్టరమ్మకు పండుగ ఉన్నదా?" అంది యమునాబాయి. అనుమానంగానే చూసింది గానీ, వానలో పోయే బాధ తప్పిందని ఊరుకుంది.

రుద్దడం మొదలుపెట్టిన తొమ్మిదో రోజు కార్ఖానాలో తాకా ఎత్తి బల్ల మీద వేస్తుంటే జాకెట్టు తడిగా తగిలింది. చెమట అనుకుంది. చెమట ఒక పక్కే పట్టదు కదా అని కాసేపటికి తట్టింది. వెనక నీళ్ల గదిలోకి పోయి హుక్కులు తీసి చూసుకుంది. మెరిసిన చోట చర్మం గోరంత విచ్చుకుంది. లోపల ఎర్రగా కండ కనపడలేదు, రక్తం కూడా పెద్దగా లేదు. సంచి కనపడింది. శుభ్రంగా, తెల్లగా, నిగనిగలాడుతూ ఉంది. తన ఒంట్లోంచి తనది కానిది ఒకటి బయటికి చూస్తుంటే దీపాలి దాని మీద అరచెయ్యి మూసిపెట్టింది. పన్నెండు మగ్గాల చప్పుడులో, ఎక్కడో ఇంట్లో ఉన్న అత్తను ఆమె పిలిచిన పిలుపు ఎవరికీ వినపడలేదు. కొంగు గట్టిగా చుట్టుకుని తనే ఇంటికి నడిచిపోయింది.

యమునాబాయి చూసింది. తిట్టలేదు, అరవలేదు.

"ఎన్ని దినాలైంది బిడ్డా?" అని గుసగుసగా అడిగింది. ఆ గొంతుతో ఆమె మాట్లాడగలదని దీపాలికి అప్పుడే తెలిసింది.

ఆసుపత్రిలో అదే రోజు సంచి తీసేశారు. లోపల చీము పట్టింది. పదకొండు రోజులు సెలైన్లు, జ్వరాలు, కట్లు. పంకజ్ మళ్లీ లైన్లలో నిలబడ్డాడు. చచ్చిన చర్మం కత్తిరించి, మిగిలినదాన్ని పక్కటెముకల మీదికి లాగి కుట్టారు. ముందున్న మచ్చ ఒక గీత, ఇప్పుడున్నది ఒక గుంట. ఇంటికి పంపే రోజు డాక్టర్ కోమల్ మంచం పక్కన కూర్చుంది.

"నూనె రాసి రుద్దావా?"

దీపాలి తలూపింది. ఈసారి నిజంగానే.

"మొదటి రోజే వచ్చి ఉంటే నీళ్లు తీసి కాపాడేదాన్ని. ఇంకో యాభై ఇవ్వకుండా ఉండాల్సింది నేను కూడా." ఆమె కట్టు అంచు సరిచేసింది. "ఇక ఆ చర్మం మీద ఏ కొలతా నిలవదు దీపాలీ."

ఇంటికొచ్చిన మూడో రోజు శుక్రవారం. భివండిలో శుక్రవారం లైటు బందు, మగ్గాలు నడవవు. మిగతా ఆరు రోజులూ గోడల్లో, గిన్నెల్లో, పళ్లల్లో కూడా వినపడే చప్పుడు ఆ ఒక్కరోజు ఆగిపోతుంది. యమునాబాయి కూరగాయలకు పోయింది, శ్రద్ధ డ్యూటీలో ఉంది. మధ్యాహ్నం దీపాలి మంచం మీద పడుకుని ఉండగా పంకజ్ వచ్చాడు. భుజం మీద చుట్టిన పరుపు ఉంది. దాన్ని మూలన దించి, నిలబడ్డాడు.

"ఇగ ఇంట్లనే ఉంట," అన్నాడు.

దీపాలి లేచి కూర్చుంది. మూడేళ్లు ఈ మాట కోసమే కదా. ఎక్కడో లోపల సంతోషం కదిలింది కూడా. దాని వెంటే ఇంకేదో అడ్డం పడింది.

"నింపుకున్నప్పుడు రాలేదు. గిట్ల అయినంక వచ్చినవా?"

"గది నాకెందుకు?" పంకజ్ క్యాలెండరు వైపు చూడలేదు, నేల చూశాడు. "అది ఉంటె ఎంత, లేకుంటె ఎంత. నాకు గది ఎన్నడు మనసుల లేదు దీపాలీ. నీకట్ల అనిపిచ్చిందని నిన్న అమ్మ చెప్పింది. అమ్మకు నువ్వు జ్వరంల అన్నవట. నాకోసం చేయించుకున్ననని."

"మరి దేనికి పోయినవ్?"

పంకజ్ పోయి గల్లీ వైపు తలుపు దగ్గరికేశాడు.

"భయం," అన్నాడు. "నా చెయ్యంటె నాకు భయం. నీ పక్కన పండుకుంటె నిద్రల నా చెయ్యి మల్ల ఏడ తగుల్తదో, మల్ల ఏం దొరుకుతదో అని. ఆనాడు బియ్యం మూట పెట్టుకుని అన్నం ఏసినవ్ సూడు, మల్ల వచ్చిందనుకున్న. ముద్ద దిగలె."

"మల్ల అంటె?"

అతను గోడకు వీపు ఆనించి కింద కూర్చున్నాడు. చెప్పాడు. గడ్డ ముందు తగిలింది అతని చేతికే. దీపావళి వారం. ఆమె నిద్రలో ఉంది. శనగ గింజంత ఉండె, అన్నాడు. నొక్కితే జరుగుతుండె. పొద్దున చెబుదాం అనుకున్నాడు. పొద్దున మగ్గాలకు కొత్త పడుగు బీములు ఎక్కించేది ఉంది. సీజను పోయాక చెబుదాం అనుకున్నాడు. పదిహేను రోజులకోసారి ఆమె నిద్రలో ఉండగా తడిమి చూసేవాడు. బఠానీ అంత అయింది. ఉసిరికాయంత అయింది. ఇంత ఆగి ఇప్పుడు చెబితే ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదంటుందని, ఆ భయంతో ఇంకొన్నాళ్లు. హోలీకి రంగులు కడుక్కుంటూ ఆమె తనే చూసుకుని కేక పెట్టినప్పుడు, అతను పరిగెత్తుకొచ్చి, ఏంది ఏంది అని అడిగాడు.

అవును, అడిగాడు. దీపాలికి గుర్తుంది. కొత్తగా విన్నవాడిలాగే అడిగాడు.

దీపావళి నుంచి హోలీ. ఆమె వేళ్లు మడవలేదు, అవసరం లేదు. నాలుగైదు నెలలు ముందొచ్చి ఉంటే అన్న మాట మూడేళ్లుగా చెవిలో ఇల్లు కట్టుకుని ఉంది. కుట్ల కింద గుంటలో ఏదో లాగింది. అక్కడ నొప్పి పుట్టదన్నారు, పుట్టింది.

"ఒకటి అడుగుత చెప్పు," అంది. గొంతు మామూలుగానే ఉంది. "మగ్గం మీద పోగు తెగుతది. సూస్తవు. ఏం జేస్తవు?"

పంకజ్ మోకాళ్లు దగ్గరికి లాక్కున్నాడు.

"చెప్పు."

"ఆపుత."

"ఎంతసేపట్ల?"

"అప్పటికప్పుడే."

"ఆపకుంటె?"

"ఆడి నుంచి నేసిందంత ఖరాబే."

"నీకు తెలుసు గద," అంది దీపాలి. "తెలిసి కూడ నడవనిచ్చినవ్."

అతను ఏడ్చాడు. మగవాడు గోడకు ఆనుకుని మోకాళ్లలో తల పెట్టుకుని ఏడుస్తుంటే చూడటం కష్టం, దీపాలికీ కష్టంగానే ఉంది. మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఎంత సులువుగా ఉండేదో. వాంతుల గిన్నె కడిగిన చేతులు అవి, శనగ గింజను తడిమి ఊరుకున్న చేతులూ అవే. ఈ మనిషిని కిందికి దించడానికి ఆమె రెండు వందల యాభై, మూడు వందలు, నాలుగు వందలు అని కొలతలు వేసుకుంది. అతను చూసిన ఆ ఒక్కసారీ చూసింది కొలతను కాదు, గడ్డను.

"పరుపు ఎత్తుకో," అంది.

"దీపాలీ..."

"మాళా మీదికే పో. నేను పిలిచిననాడు రా. అమ్మకు, పిల్లకు ఏం చెప్పుకుంటవో నువ్వే చెప్పుకో. ఇన్నాళ్లు దాచుడు నీకు అలవాటే గద."

అతను లేచి, కళ్లు తుడుచుకుని, పరుపు భుజానికెత్తుకుని తలుపు దాటాడు. మగ్గాలు ఆగిన ఊరు, గల్లీ చివరి దాకా చెప్పుల చప్పుడు వినపడుతూనే ఉంది. ఆ చప్పుడు ఒకచోట ఆగితే బాగుండునని దీపాలికి ఒక్క క్షణం అనిపించింది. అది ఆగలేదు, ఆమె పిలవలేదు.